చీకటివేళకు చేతిదీపము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరమును ఈ సభలో పిల్లల చదువును గూర్చియు, హాజరును గూర్చియు మాటలాడుట మాకు వాడుక. ఈ సంవత్సరము ఒక చిన్న వస్తువును గూర్చి మాటలాడదలచితిమి. అది ఇంచుమించుగా మీ అందరి ఇండ్లలోను కలదు. కొందరు దానిని టార్చి అందురు, కొందరు బ్యాటరీ లైటు అందురు. ప్రధానోపాధ్యాయునకు టార్చిలైటుతో ఏమి పని యని మీకు తోచవచ్చును. పని యున్నది. చెప్పెదము.

2021వ సంవత్సరము నవంబరు నెలలో మన ప్రాంతమునకు వచ్చిన వరదలను మీరు మరచియుండరు. మోర్దానా జలాశయము నిండి పొర్లినది. గుడియాత్తములో కౌండిన్యా నది ఒడ్డులు మీరి పారినది. రాయవేలూరు చెంత పాలారును చూచుటకు జనము గుంపులుగా పోయిరి; ఏండ్ల తరబడి ఇసుకనే చూచిన కన్నులకు అది సముద్రమువలె కానవచ్చినది. ఆ నెల 19వ తేదీన పేరణాంబట్టులో ఒక ఇల్లు కూలి తొమ్మండుగురు మృతిచెందిరి. వారిలో పసిపిల్లలును కలరు.

ఆ వారములో ఒక రాత్రి మా వీధిలో కరెంటు పోయినది. వాన ఎడతెగక కురియుచున్నది. వాకిటిలోనికి నీరు వచ్చుచున్న సవ్వడి వినవచ్చుచున్నదే గాని, ఎంత లోతు వచ్చినదో కానరాదు. మా తల్లిగారు వృద్ధురాలు. ఆమెను ఎదురింటి మేడమీదికి చేర్పవలెను. అలమరలో మా టార్చి కలదు. మూడు సెల్లుల ఇత్తడి టార్చి. మీట నొక్కితిమి, వెలుగలేదు. మూత విప్పబోయితిమి, అది కదలలేదు. సెల్లులు ఎప్పుడో కారి, ఉప్పు పట్టి, గొట్టమునకు అతుకుకొనిపోయినవి. వేసవిలో వేసిన సెల్లులను వాడనప్పుడు తీసివేయవలెనని మాకు తోచనే లేదు. విజ్ఞానశాస్త్రము బోధించు వాని ఇంట జరిగిన సంగతి యిది! తుదకు పొరుగున నున్న ఎనిమిదవ తరగతి బాలుడొకడు తన చిన్న టార్చిని తెచ్చి, ముందు నడచి, మమ్ము మెట్లమీదికి చేర్చినాడు. దాని వెల మా టార్చి వెలలో నాలుగవ వంతు ఉండదు. అయినను అది వెలిగినది.

ఆ రాత్రి నేర్చుకొన్న పాఠమునే ఈనాడు మీకు చెప్ప వచ్చితిమి. దుకాణములో ఎంత ప్రకాశముగా వెలిగినదని కాదు, అవసరమైన నాడు వెలిగినదా లేదా యనుటయే టార్చికి పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గుటకు ఎక్కువ ధనము అక్కరలేదు. కొంచెము తెలివిడియు, కొంచెము శ్రద్ధయు చాలును.

"చేతిలో సెల్ ఫోను ఉండగా టార్చి యెందుకు?" అని మీలో కొందరు అడుగవచ్చును. కరెంటు లేని రాత్రి ఫోనులోని శక్తి మాటకొరకు మిగుల్చుకొనవలసినది. వైద్యుని పిలువవలెనన్నను, బంధువులకు క్షేమము తెలుపవలెనన్నను అదియే ఆధారము. దానిని దీపముగా కాల్చివేసిన తరువాత మరల నింపుటకు కరెంటు లేదు. మరియు, వానలో ఫోను పట్టుకొని నీటిలో నడచుట క్షేమము కాదు.

పల్లెలనుండి వచ్చు తలిదండ్రులకు వేరొక కారణము చెప్పెదము. మన దేశములో 2000 నుండి 2019 వరకు పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో ప్రకటితమైన ఒక అధ్యయనము తెలిపినది. వారిలో అధిక సంఖ్యాకులు పల్లెలవారే. కట్లపాము రాత్రివేళనే సంచరించును. దాని కాటు నొప్పియు అంతగా తెలియదు. పెరటిలోనికిగాని, పొలములోని మోటారు చెంతకుగాని పోవువాని చేతిలో వెలుతురుండుట విలాసము కాదు.

ఇక సెల్లుల సంగతి. 1866లో ఫ్రాన్సు దేశస్థుడగు లెక్లాంషే తుత్తునాగము, కర్బనము, మాంగనీసు, నవాసాగర ద్రవము కూర్చి ఒక విద్యుద్ఘటము చేసెను. అందు ద్రవముండుటచే దానిని చేతపట్టుకొని తిరుగుటకు వీలులేకపోయెను. 1880 తరువాత జర్మనీ దేశస్థుడగు గాస్నరు ఆ ద్రవమును ముద్దగా మార్చి తుత్తునాగపు డబ్బాలో నింపినాడు. మన పాఠ్యపుస్తకములలో అనార్ద్ర ఘటమని చెప్పునది ఇదియే. 1899లో అమెరికాలో మిసెల్ అను నతడు గొట్టములో సెల్లులను వరుసగా పేర్చి, కొనకు బల్బు అమర్చిన చేతిదీపమునకు పేటెంటు పొందెను. ఇట్టి సెల్లులను మన తెలుగు సీమలో, నెల్లూరున, 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ కంపెనీ చేయుచు వచ్చినది. నిప్పో సెల్లు పేరు మీరెరుగుదురు.

మామూలు సెల్లుయొక్క తుత్తునాగపు డబ్బాయే దాని ఇంధనము. విద్యుత్తు వచ్చుకొలది ఆ డబ్బా లోలోపల తరుగుచుండును. తుదకు చిల్లిపడి ముద్ద కారును. మా టార్చికి పట్టిన గతికి కారణమదియే. సెల్లు బలహీనపడగానే మన ఇండ్లలో దానిని ఎండలో పెట్టుదురు. పిల్లలు పంటితో నొక్కుదురు. ఎండ వేడికి లోపలి రసాయనక్రియ కొంత వేగము పొందుటచే కొంతసేపు వెలుగు వచ్చుట నిజమే. కాని క్రొత్త శక్తి ఏమియు చేరలేదు. చిల్లిపడనున్న డబ్బాను మరింత తొందరపెట్టినట్లు మాత్రమే అగును. పంటితో నొక్కుట మరింత ప్రమాదకరము.

అంగడిలో దొరకు సెల్లులు ముఖ్యముగా మూడు రకములు. మొదటిది మామూలు తుత్తునాగపు సెల్లు. రెండవది ఆల్కలైన్ సెల్లు. ఈ రెండును ఒకటిన్నర వోల్టులవి. మూడవది మరల మరల ఛార్జి చేయదగిన నికెల్ సెల్లు, ఇది 1.2 వోల్టులది. చిన్న సెల్లుమీద ఆర్ 6 అని యున్నచో మామూలుది. ఎల్ ఆర్ 6 అని యున్నచో ఆల్కలైన్. ముందున్న ఆ ఒక్క ‘ఎల్’ అక్షరమే గుర్తు. వాడుటకు గడువు ఏ నెల, ఏ సంవత్సరమువరకో దానిమీదనే అచ్చువేసి యుండును. మన పిల్లలు తెలుగుతోపాటు తమిళమును, ఇంగ్లీషును చదువగలవారు. దుకాణమునకు పోవునపుడు వారిని వెంటబెట్టుకొని పోయి, అట్టమీది అక్షరములను వారిచేతనే చదివించుడు. ఐ.ఎస్.ఐ. ముద్ర యున్నదో లేదో వారినే చూడుమనుడు.

ఏ రకము చౌక? దీనికి ఐదవ తరగతి లెక్క చాలును. రెండు చిన్న సెల్లులతో పనిచేయు ఎల్.ఇ.డి. టార్చి 100 మిల్లీ ఆంపియరుల విద్యుత్తు తీసికొనుననుకొందము. మామూలు చిన్న సెల్లు ఇట్టి పనిలో సుమారు 600 మిల్లీ ఆంపియరు గంటలు ఇచ్చును. అనగా 6 గంటల వెలుగు. దినమునకు 20 నిమిషములు వాడినచో 18 దినములు వచ్చును. ఆల్కలైన్ సెల్లు సుమారు 2000 ఇచ్చును; అనగా 20 గంటలు, అట్లే వాడినచో 60 దినములు. కావున ఆల్కలైన్ సెల్లు వెల మామూలు సెల్లు వెలకు మూడింతలు మించనంతవరకు టార్చికి అదియే లాభము. గోడ గడియారమునకు, టెలివిజను రిమోటునకు అంత బలము అక్కరలేదు. అచ్చట మామూలు సెల్లే చాలును.

ప్రతిదినమును టార్చి వాడు ఇండ్లకు ఛార్జి సెల్లులు మేలు. తెల్లవారుజామున మగ్గపు గుంటలో తెగిన పోగును వెదకుకొను నేతగాని ఇల్లు అట్టిది. మొదట ఛార్జరుతో కలిపి ఖర్చు ఎక్కువ. కాని కొన్ని వందల పర్యాయములు నింపి వాడుకొనవచ్చును. అయితే నెలల తరబడి అలమరలో ఉండు టార్చికి అవి తగవు. వాడకున్నను వానిలోని శక్తి క్రమముగా తరిగిపోవుచుండును. ఆపత్కాలపు టార్చికి ఆల్కలైన్ సెల్లులే ఉత్తమము.

ఇప్పుడు టార్చి ఎంపిక. పూర్వపు బల్బులో తీగ కాలి వెలుగిచ్చెడిది. శక్తిలో అధికభాగము వేడిగా పోయెడిది. నేటి ఎల్.ఇ.డి. దీపము కొద్ది విద్యుత్తుతోనే ఎక్కువ వెలుగునిచ్చును. తెల్లని వెలుగునకు మూలమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. అంతటి పరిశోధనా ఫలము నేడు మన వీధి అంగడిలో కొద్ది రూపాయలకే దొరకుచున్నది. కావున తీగ బల్బు టార్చిని ఇప్పుడు క్రొత్తగా కొనవలదు.

కొనునపుడు మొట్టమొదట చూడవలసినది వెలుగు కాదు, సెల్లు. ఆ టార్చికి కావలసిన సెల్లు మీ వీధి చివరి చిల్లర దుకాణములో దొరకునా? దొరకనిచో ఎంత మంచి టార్చియైనను విడిచిపెట్టుడు. ఒకటి రెండు మామూలు చిన్న సెల్లులతో వెలుగునది సాధారణ గృహమునకు చాలును. మూడు సన్నని సెల్లులను ఒక ప్లాస్టిక్ గూటిలో అమర్చు టార్చులు ఇప్పుడు విరివిగా వచ్చుచున్నవి. సన్న సెల్లులో శక్తి తక్కువ. ఆ గూడు విరిగినచో టార్చియే నిరుపయోగము.

రెండవది, మీట. దుకాణములోనే ఇరువది పర్యాయములు నొక్కి చూడుడు. ఒక్కసారియైనను తడబడినచో వలదు. మూడవది, మూత విప్పి లోపలి స్ప్రింగును చూడుడు. అది గట్టిగా నుండవలెను. మూత అంచున రబ్బరు చుట్టు ఉన్నచో వాననీరు తొందరగా లోనికి పోదు. నాలుగవది, వెలుగును తెల్లని గోడమీద వేసి చూడుడు. నడుమ ఒక చుక్క మాత్రము మిక్కిలి కాంతిగా నుండి చుట్టును చీకటిగా నున్నచో అది పొలమునకు పనికివచ్చును. వెలుగు విశాలముగా పరచుకొన్నచో ఇంటికి పనికివచ్చును. ఇంటి టార్చిని ఎత్తైన స్టీలు గ్లాసులో నిలువుగా నుంచి, వెలుగు తెల్లని పైకప్పుమీద పడునట్లు చేసినచో గది యంతయు వెన్నెలవలె వెలుగును. ఆ వెలుగులో అందరును కూర్చుండి భోజనము చేయవచ్చును.

పెట్టెలమీది అంకెలను నమ్మవలదు. లక్ష ల్యూమెనులని వ్రాసిన చౌక టార్చులు కలవు. ఇంటిపనికి ఏబది, నూరు ల్యూమెనులు చాలును. లిథియం ఛార్జి సెల్లులమీద 9900 అని ముద్రించి అమ్ముదురు. టార్చులలో వాడు ఆ పరిమాణపు మంచి సెల్లులు సాధారణముగా 3500 మాత్రమే ఇచ్చును. పైన అబద్ధము వ్రాసినవాడు లోపల నాణ్యము పెట్టునని తలచుట ఎట్లు?

గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చి ఛార్జి చేయు టార్చులను గూర్చి తల్లులకు ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము. కొన్ని చౌక రకములలో గోడ కరెంటును లోపలి భాగములనుండి వేరుచేయు ఏర్పాటు ఉండదు. ప్లగ్గులో నున్నంతసేపు అట్టి టార్చిని వెలిగింపరాదు, తడిచేతితో తాకరాదు, పగిలినదానిని గుచ్చనే రాదు. పిల్లలకు ఆ పని అప్పగింపవలదు. ఛార్జి అగుచున్న టార్చిని పరుపుమీద, దిండు క్రింద ఉంచవలదు. సీసపు బ్యాటరీ కలవానిని నెలకొకసారియైనను నింపవలెను. నెలల తరబడి ఖాళీగా వదలినచో లోపలి పలకలపై పొర గట్టిపడి, అవి మరల శక్తిని గ్రహింపవు. రెండేండ్లు రావలసినది ఒక్క వేసవితో చెడిపోవుటకు కారణమదియే.

సెల్లులు వేయునపుడు పాతదానిని క్రొత్తదానితో కలుపరాదు. ఒక రకమును వేరొక రకముతో కలుపరాదు. బలహీనమైన సెల్లు ముందుగా అయిపోయి, బలమైనదాని ఒత్తిడికి లోబడి కారును. మామూలు సెల్లును, ఆల్కలైన్ సెల్లును ఛార్జి చేయరాదు. ఏ సెల్లునైనను నిప్పులో వేయరాదు. ఆల్కలైన్ సెల్లు కారి తెల్లని పొడి పట్టినచో చేతితో తాకక, నిమ్మరసములో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి వాడవచ్చును.

పసిపిల్లలున్న ఇండ్లవారు బొత్తామువంటి చిన్న సెల్లులను మిక్కిలి జాగ్రత్తగా ఉంచవలెను. తాళపుచెవుల టార్చులలోను, ఆటబొమ్మలలోను అవి ఉండును. బిడ్డ మ్రింగినచో, రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చివేయగలవు. అట్లు జరిగినదని అనుమానము కలిగినను వాంతి చేయింపక, తెల్లవారువరకు ఆగక, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

వాడివేసిన సెల్లులను కౌండిన్యలోనో పాలారులోనో పారవేయవలదు. తోళ్ళ కర్మాగారముల మురికిచే పాలారు పడిన బాధ ఎంతటిదో మనకు తెలియును. 1996లో సర్వోన్నత న్యాయస్థానము దానిమీద తీర్పు చెప్పవలసి వచ్చినది. 2022లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము, వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత వానిని తయారుచేయు వారిమీద ఉంచబడినది. మా కార్యాలయము ముంగిట ఒక డబ్బా ఉంచినాము. పిల్లలచేత పాత సెల్లులను పంపుడు. నిండిన పిమ్మట వానిని తీసికొనువారికి అప్పగింతుము.

ఇక ముగింపు. వరదలు తగ్గిన తరువాత ఆ బాలుని పిలిచి, "నీ టార్చి ఎట్లు వెలిగినదిరా?" అని అడిగితిమి. వాని తలిదండ్రులు నేతపనివారు. "వాడనప్పుడు మా అమ్మ సెల్లులు తీసి, పోగుతో టార్చికే కట్టి పెడుతుంది సార్. కావలసినప్పుడు పోగు లాగి వేసుకుంటాం" అని వాడు చెప్పినాడు. ఆ తల్లి ఏ బడిలోను విద్యుద్ఘటమును గూర్చి చదివినది కాదు. మేము చదివితిమి, బోధించితిమి, చేయలేదు.

ఆనాటినుండి మా పాఠశాలలో ఒక ఆట పెట్టినాము. పిల్లల కన్నులకు గుడ్డ కట్టి, చేతికి టార్చియు సెల్లులును ఇత్తుము. సెల్లు బొడిపె ఉన్న కొన ధనధ్రువము, చదునైన కొన ఋణధ్రువము. సాధారణముగా బొడిపె బల్బువైపునకును, చదునైనది స్ప్రింగువైపునకును ఉండవలెను. వ్రేళ్ళతో తడివి, సరిగా అమర్చి, వెలిగింపవలెను. నాలుగవ తరగతి పిల్లలును క్షణములో చేయుచున్నారు. ఈ రాత్రి ఇంటికి పోయిన పిదప మీ పిల్లలచేత ఈ ఆట ఆడించి చూడుడు, మీరును ఆడుడు.

మనకు పెద్దవానలు ఈశాన్య ఋతుపవనముతో అక్టోబరు మొదలు వచ్చును. వానికి కొంచెము ముందుగానో, ఆ దినములలోనో ఆయుధపూజ వచ్చును. ఆనాడు మగ్గమును, కత్తిని, కొలబద్దను తుడిచి బొట్టు పెట్టుదుము. ఆ వరుసలో ఇంటి టార్చిని కూడ ఉంచుడు. విప్పి, తుడిచి, క్రొత్త సెల్లులతో ఒకసారి వెలిగించి చూచి, సెల్లులు తీసి కట్టి, ఇంటిలోని అందరికిని తెలిసిన ఒకే చోట పెట్టుడు. పూజ చేయని ఇండ్లవారు సెప్టెంబరు నెలాఖరున ఈ పని చేయుడు.

మా పాత ఇత్తడి టార్చి ఇప్పటికిని మూత రాక అట్లే ఉన్నది. దానిని విజ్ఞానశాస్త్రపు గదిలో బల్లమీద ఉంచినాము. పిల్లలు అడిగినప్పుడెల్ల దాని కథ చెప్పుచున్నాము. మీరును పోవునపుడు ఒకసారి చూచి పొండు.